ఇత్తడి గిన్నెల షాపు రివ్యూ: మూకుడు కళ్ళు మూసుకుని కొనండి, పులుసు గిన్నె మాత్రం ఆలోచించండి

కూకట్‌పల్లి వైపు ఈమధ్య సంప్రదాయ వంట పాత్రల షాపులు వరసగా తెరుస్తున్నారు కదా, వాటిల్లో ఒకదాని గురించి రాస్తున్నా. పేరు రాయట్లేదు, ఎందుకంటే నా కంప్లైంట్లు ఈ ఒక్క షాపు మీదే కాదు, ఇలాంటిది ఏ షాపుకెళ్ళినా ఇంచుమించు ఇదే సరుకు ఇవే మాటలు. రేటింగ్ అంటే 5కి 3 ఇస్తా, అందులో 2 వెనక రూములో కూర్చుని కళాయి (గిన్నె లోపల తగరం పూత) వేసే పెద్దాయనవే.

సరుకు మాత్రం చూడ్డానికి కన్నులపండగ. ఇత్తడి గుండిగలు, కంచు కంచాలు, రాగి బిందెలు, ఇనప మూకుళ్ళు, పెనాలు, రాచిప్పలు (రాతి గిన్నెలు), మట్టి కుండలు, అన్నీ ఒక్కచోటే. ఇత్తడి చాలావరకు తూర్పు, పశ్చిమ గోదావరి వైపు నుంచే వస్తుందట, అజ్జరం పేరు చెప్పాడు కౌంటర్ అబ్బాయి, అది నమ్మొచ్చు, ఆ ఊరు ఇత్తడికి పెట్టింది పేరే. ఇత్తడి కిలో వెయ్యి చిల్లర, కంచు అయితే దానికి డబుల్ పైనే. బేగంబజార్‌లో బేరమాడితే ఇంకా తగ్గుతుంది, కానీ అక్కడ ఆ రద్దీలో బండి పెట్టుకుని కిలోల లెక్కన గిన్నెలు మోసుకురావడం అందరివల్లా కాదు, ఏసీలో కూర్చోబెట్టి చూపిస్తున్నందుకు ఆ ఎక్స్‌ట్రా అనుకోవాలి.

ఇక సేల్స్ మాటలు. లోపల అడుగుపెట్టగానే "మేడం, మీరింకా సిల్వర్ గిన్నెల్లోనే వండుతున్నారా" అని ఏదో తప్పు చేసినట్టు అడుగుతాడు, సిల్వర్ అంటే అల్యూమినియమే. అల్యూమినియం అంటే మతిమరుపు, స్టీలులో పోషకాలు చచ్చిపోతాయి, ఇత్తడిలో వండితే జింకు వచ్చేస్తుంది, ఇదీ వరస. అల్యూమినియం గిన్నెల వల్ల మతిమరుపు జబ్బు వస్తుందని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. అసలు భయపడాల్సిన పేరు ఒకటుంది, అది మాత్రం ఆ అబ్బాయి నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. అది సీసం.

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది, అక్కడ చాలాచోట్ల పిల్లలకి ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళకి ఒకసారి రక్తంలో సీసం ఎంతుందో టెస్ట్ చేస్తారు. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో 3.5 మైక్రోగ్రాములు దాటిందంటే డాక్టర్లు ఇంట్లో ఏముందో వెతకమంటారు. అలా వెతుకుతూ వెతుకుతూ మనవాళ్ళ వంటగదుల్లోకి కూడా వచ్చారు. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు ఇండియా నుంచి వచ్చిన కొన్ని పాత్రల గురించి హెచ్చరిక ఇచ్చారు, ఇత్తడి, అల్యూమినియం, ఇండాలియం (ఒక అల్యూమినియం మిశ్రమం) రకాల్లో కొన్నిట్లోంచి సీసం వంటలోకి దిగుతోందని. మనం సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కి పంపే కడాయిలు, కుక్కర్లు ఆ రకానివే కదా. రకరకాల స్క్రాప్ కలిపి కరిగించి గిన్నెలు పోసినప్పుడు అందులో సీసం కూడా వచ్చి చేరుతుంది, పైకి చూస్తే తళతళా మెరుస్తూ ఉంటుంది, కనిపెట్టలేం. తమాషా ఏంటంటే ఈ షాపులో పాత సిల్వర్ గిన్నెలు తెచ్చిస్తే ఎక్స్చేంజి ఇస్తారు, "విషం మేడం, వదిలించుకోండి" అంటూనే. మరి ఆ విషం తీసుకుని మీరేం చేస్తారు బాబూ అంటే స్క్రాప్ వాడికేస్తామన్నాడు. అంటే కరిగి ఇంకెవరింటికో వెళ్తుందన్నమాట.

సరే, మరి ఇత్తడి సేఫేనా? ఇక్కడే నా అసలు రివ్యూ. ఇత్తడి అంటే రాగి, జింకు. అందులో పోతపోసే రకాలకి, లేత్ మీద తేలిగ్గా తెగాల్సిన రకాలకి కొద్దిగా సీసం కలపడం ఆ ట్రేడ్‌లో మామూలే, రెండు మూడు శాతం దాకా ఉంటుంది. రేకు కొట్టి చేసిన గిన్నెలకి ఆ బాధ తక్కువ. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది రేకా, పోతా అని. నేనడిగితే కౌంటర్ అబ్బాయి "హ్యాండ్‌మేడ్ మేడం" అన్నాడు. ల్యాబ్ రిపోర్ట్ ఉందా అంటే ఫోన్‌లో ఒక పీడీఎఫ్ చూపించాడు, జూమ్ చేసి చూస్తే అది రాగి బాటిల్ తాలూకు రిపోర్టు, రాగి 99 పాయింట్ ఎంతో అని ఉంది, సీసం అనే గడే అందులో లేదు. ఇత్తడి గిన్నెకి రాగి బాటిల్ రిపోర్టు! ఓనరుగారు వచ్చి తెప్పిస్తామన్నారు, ఇంకా తెప్పిస్తూనే ఉన్నారు.

దీనికంటే నాకు నచ్చనిది ఇంకోటుంది. వచ్చిన కస్టమర్లందరికీ ఎంట్రన్స్ దగ్గర మజ్జిగ ఇస్తారు, నిమ్మకాయ పిండి, కరివేపాకు వేసి, మర్యాద బావుంది కాదనను, కానీ ఇచ్చేది కళాయి లేని రాగి గ్లాసులో. పుల్లటిది రాగిలో పోస్తే రాగి దిగుతుందని, చిలుము పడుతుందని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. కళాయి సరిగ్గా లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండింది తినడానికి పనికిరాదని కల్తీ నిరోధక నియమాల్లో కూడా ఎప్పుడో రాసి పెట్టారు. నా గ్లాసు అంచు లోపల ఆకుపచ్చగా సన్నటి గీత కూడా ఉంది. తాగకుండా పక్కన పెట్టేస్తే ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది పాపం, ఆ పిల్లదేం తప్పు.

నాకనిపించేది ఏంటంటే, మనం పాత గిన్నెలు కొనుక్కుంటున్నాం గానీ ఆ గిన్నెలతో వచ్చే పద్ధతి కొనుక్కోవట్లేదు. మా అమ్మమ్మగారింట్లో ఇత్తడి గుండిగలో అన్నం, పరమాన్నం వండేవాళ్ళు, పులుసంటే రాచిప్పలోనే, మజ్జిగ కుండలో, ఆవకాయ జాడీలో. ఇత్తడి గిన్నెలో వండింది రాత్రికి అందులో ఉంచేవాళ్ళు కాదు, వెంటనే తీసేసేవాళ్ళు, కళాయి పోయిందనిపిస్తే గిన్నె అటకెక్కేది మళ్ళీ కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చేదాకా. ఇప్పుడు మనమేం చేస్తున్నాం, ఒక్కటే ఇత్తడి హండీ కొని అందులోనే టమాటా పప్పు, అందులోనే చేపల పులుసు, మిగిలింది అలాగే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న వేడి చేసుకుని తినడం, పైగా రీల్ ఒకటి.

ఇక ఆ 2 మార్కుల సంగతి. వెనక రూములో కళాయి వేస్తారు, అడిగితే చూడనిస్తారు, తప్పకుండా చూడండి. గిన్నెని యాసిడ్, ఇసుక పెట్టి తోమి, బ్లోయర్ కొలిమి మీద పట్టకారుతో తిప్పుతూ కాస్తాడు, బాగా వేడెక్కాక నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతాడు, తెల్లటి పొగ గుప్పున లేస్తుంది, ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నెకి తాకిస్తే చుక్కలా కరుగుతుంది, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పుతాడు, పసుపు రంగు గిన్నె లోపలంతా వెండిలా అయిపోతుంది. పదో తరగతి సైన్సు పుస్తకం కంటే బాగా అర్థమైంది నాకు. తగరం ఏదండీ బాబాయ్‌గారూ అని అడిగితే ఆయనేమీ నొచ్చుకోలేదు, కడ్డీ నా చెవి దగ్గర పెట్టి వంచాడు, కిర్రుమని సన్నగా చప్పుడు. "ఇలా అరిస్తే మంచి తగరమమ్మా, సీసం కలిస్తే నోరు మూస్తది" అన్నాడు. వైర్లు అతికించే సోల్డర్ కరిగించి కళాయి అని పూసేసేవాళ్ళు ఉన్నారని కూడా ఆయనే చెప్పాడు, అది తగరం కంటే చవక, త్వరగా కరుగుతుంది కూడా. అలాంటి సోల్డర్‌లో చాలావాటికి సీసం కలిసే ఉంటుంది, అంటే డబ్బులిచ్చి మరీ గిన్నె లోపల సీసం పూయించుకోవడమే. కాబట్టి మీరు ఎక్కడ కళాయి వేయించినా కడ్డీ వంచి చూపించమనండి, చూపించనంటే గిన్నె పట్టుకుని వచ్చేయండి. ఈ చప్పుడు పరీక్ష ల్యాబ్ రిపోర్టుతో సమానం కాదనుకోండి, కానీ ఏమీ అడగకుండా ఉండడం కంటే నయం.

ఆయన చెప్పిన జాగ్రత్తలు, షాపువాళ్ళు చెప్పనివి: తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి కళాయి గిన్నెని ఖాళీగా స్టవ్ మీద పెట్టకూడదు, పోపు పెట్టాలంటే వేరే గరిటెలో పెట్టుకుని కలుపుకోవాలి, స్టీలు పీచు పెట్టి రుద్దకూడదు, లోపల పసుపు రంగు కనిపించిందంటే మళ్ళీ కళాయి వేయించాల్సిందే. కళాయికి సైజుని బట్టి 300 రూపాయల నుంచి మొదలు.

ఇనప మూకుడు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షాపు మొత్తంలో అతి చవకైంది అదే, సేల్స్ అబ్బాయి చూపించకుండా దాటేసేదీ అదే. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువుంటే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి, ఐరన్ వెళ్ళే దారిలోనే సీసం కూడా దూరిపోతుంది. పిల్లలైతే పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటారని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దున్న బిస్కెట్, మధ్యాహ్నం తెల్లన్నం, సాయంత్రం ప్యాకెట్ నూడుల్స్, రాగి సంకటి, తోటకూర, మునగాకు ఊసే లేదు, అన్నం తిన్న వెంటనే టీ, ఇలా పెరిగే పిల్లాడికి గిన్నెలోంచి కొంచెం సీసం దిగినా దెబ్బ ఎక్కువే. రాగుల్లో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దగ్గర దగ్గర కాల్షియం ఉంటుంది, దాని ముందు బియ్యం లెక్కలోకే రాదు. మూకుడులో తోటకూర, టమాటా వేసి వండితే పులుపుకి ఇనుము కాస్త కూరలోకి దిగుతుంది, అది మనకి కావాల్సిందే. కూర నల్లబడుతుంది, ఇంట్లో వాళ్ళు మొహం ముడుచుకుంటారు, అలవాటవుతుంది. నేను మూకుడు, ఒక రాచిప్ప తీసుకున్నా, రెండిటికీ ఫుల్ మార్కులు. రాచిప్పని ముందు గంజి పోసి మెల్లగా పదును చేసుకోవాలి, డైరెక్టుగా పెద్ద మంట మీద పెడితే పగులుతుంది. మట్టి కుండలు కూడా బావున్నాయి, కానీ లోపల రంగురంగుల మెరిసే పూత ఉన్నవి తీసుకోకండి, ఆ పూతల్లో సీసం ఉండే ఛాన్సుంది.

సీసం అంతా వంటింటి గిన్నెల నుంచే వస్తుందని కూడా అనను. పాత పెయింట్లు, బ్యాటరీలు కరిగించే చోట్లు, రంగేసిన పసుపు ఇవన్నీ ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోతుంటే మొదట రక్తంలో సీసం, నికెల్ అన్నారు, తర్వాత పురుగుమందుల వైపు వెళ్ళింది విషయం, అప్పట్నుంచే మా చుట్టాల్లో చాలామందికి ఈ పాత్రల పిచ్చి పట్టింది. అనుమానముంటే పిల్లలకి రక్త పరీక్ష చేయించుకోవడమే, చాలాసార్లు పైకి ఏ లక్షణమూ కనపడదు మరి.

ఏ షాపో పోల్చుకుని వెళ్ళేవాళ్ళకి: శని ఆదివారాలు వద్దు, జనం. పార్కింగ్ సెల్లార్‌లో రెండు కార్లకి మించి పట్టదు. బిల్లులో రేకు ఇత్తడి అని రాయించుకోండి, అడిగితే రాస్తున్నారు. కళాయి పెద్దాయన మంగళవారం రాడు, మధ్యాహ్నం రెండింటి తర్వాత కొలిమి ఆర్పేస్తాడు, ఫోన్ చేసి పొద్దున్నే వెళ్ళండి. మజ్జిగ ఇస్తే స్టీలు గ్లాసులో అడగండి, ఇస్తారు.