పూర్వీకుల డీఎన్ఏనా, స్కానింగ్ చిత్రాలా: ముందు ఏది?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ, బీటెక్ ముగించి పరిశోధన వైపు చూస్తున్న పిల్లలు రెండు దారుల మధ్య ఊగిసలాడటం చూస్తున్నాను. ఒకటి డీఎన్ఏను బట్టి మనుషుల పూర్వీకుల చరిత్రను తవ్వే జనాభా జన్యుశాస్త్రం. మరొకటి ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను కంప్యూటర్ చేత చదివించే మెడికల్ ఇమేజింగ్. ఒకే శాస్త్రవేత్త ఈ రెండింటిలోనూ పనిచేయవచ్చు. లక్షల జన్యు గుర్తులైనా, లక్షల పిక్సెళ్ళైనా వాటిని కొద్దిపాటి ముఖ్యమైన కొలతలకు కుదించే గణితం చాలావరకు ఒకటే. కాబట్టి ఏది వదులుకోవాలన్న బెంగ అక్కర్లేదు. తేల్చుకోవలసింది ఏది ముందు అన్నదే.

ఉపాధి లెక్కన చూస్తే ఇమేజింగ్‌దే పైచేయి, ఇందులో వాదనకు తావు లేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో నాలుగడుగులు వేస్తే స్కానింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఫలితం కూడా త్వరగా చేతికందుతుంది. మధుమేహం వల్ల కంటి వెనకనున్న రెటీనా పొరకు కలిగే హానిని ఫొటో చూసి కంప్యూటర్ పట్టుకోగలదని గూగుల్ పరిశోధకులు 2016లో చూపించారు. అందులో అరవింద్, శంకర నేత్రాలయ వంటి మన దేశపు కంటి ఆసుపత్రుల చిత్రాలూ ఉన్నాయి.

పూర్వీకుల డీఎన్ఏ పని అలా కాదు. ఊరూరా తిరిగి, ప్రతి మనిషికీ విషయం వివరించి, ఒప్పుకున్నవారి రక్తం సేకరించాలి. ఏళ్ళు పడుతుంది, కొలువులు తక్కువ. అయినా నా మొగ్గు ఇటే.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించి, భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనాభాల కలయికే అని తేల్చారు. మా కులం కల్తీలేనిదని చెప్పుకునేవారికి ఇంతకంటే సూటి జవాబు లేదు. అదే పరిశోధనలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వైశ్యుల ప్రస్తావన ఉంది. వందకు పైగా తరాల క్రితం ఒక చిన్న గుంపుగా మొదలై, ఆ తర్వాత బయటి సంబంధాలు చాలా అరుదుగా చేసుకున్నట్టు వారి డీఎన్ఏ చెబుతోంది. ఇది చరిత్రతో ఆగిపోయే సంగతి కాదు. ఆ కొద్దిమందిలో ఉన్న జన్యు లోపం తరతరాలుగా ఆ గుంపులోనే పేరుకుంటుంది. బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం వారిలో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆ లోపమున్నవారికి ఆపరేషన్ ముందు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే గంటల తరబడి శ్వాస తిరిగి రాకపోవచ్చు. మత్తు డాక్టరు ముందే తెలుసుకోవలసిన విషయమిది.

2017 నాటి మరో పరిశోధన దక్షిణాసియాలోని 263 సమూహాలను చూసి, 81 సమూహాల్లో ఇలాంటి చిన్న గుంపు ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో కంటే బలంగా ఉందని చెప్పింది. ఫిన్లాండ్‌లో దాన్ని ఆధారం చేసుకుని ఎన్నో అరుదైన వ్యాధుల జన్యువులు కనిపెట్టారు. కులంలోనే పెళ్ళిళ్ళు, ఆపైన మేనరికాలు ఉన్న మన జిల్లాల్లో ఎంత పని మిగిలి ఉందో ఆలోచించండి!

రెండు దారులూ కలిసే చోటు గుండె. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయిన మార్పు భారత ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో బయటపడింది. గుండె కండరం దెబ్బతినే ముప్పును అది పెంచుతుంది. ముప్పు ఎవరికో డీఎన్ఏ చెబుతుంది. వారిలో ఎవరి గుండె నిజంగా పాడవుతోందో చెప్పేది ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్), ఎంఆర్ఐ. ఒకటి లేకుండా రెండోది సగం సమాధానమే.

మరి డీఎన్ఏ ముందు ఎందుకంటారా? 2022లో వచ్చిన ఒక పరిశోధన నన్ను బాగా కదిలించింది. ఎక్స్‌రే చూసి రోగి ఏ జాతివారో నిపుణులైన రేడియాలజిస్టులే చెప్పలేరు. కంప్యూటర్ మాత్రం చాలా కచ్చితంగా చెప్పేసింది, ఎలా చెప్పగలిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. అంటే వేరే దేశపు చిత్రాలతో నేర్చిన కంప్యూటర్ గుంటూరు పెద్దాసుపత్రి రోగిని చూసి పొరబడితే, ఆ పొరపాటు ఎక్కడ పుట్టిందో వెతకగల మనిషి కావాలి. ఈ డేటా ఎవరి శరీరాలది అని మొదటి రోజునుంచే అడగడం జనాభా జన్యుశాస్త్రం అలవాటు చేస్తుంది. ఇమేజింగ్‌తో మొదలుపెట్టినవారిలో ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా పుడుతుంది.

ఇంటి భారం వెంటనే ఎత్తుకోవలసినవారికి మాత్రం ఈ సలహా వర్తించదు. వారు ఇమేజింగ్‌లో చేరి, స్టాటిస్టిక్స్‌ను గట్టిగా నేర్చుకుంటూ ఉంటే తర్వాత ఇటు రావచ్చు. మిగిలినవారికి ఇదే మంచి అదను. జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు సేకరించిన 10,000 మంది జన్యు సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మీ ప్రొఫెసర్‌ను కలిసి దానికి దరఖాస్తు పెట్టించండి.