పంపు మార్చే ముందు ఈ గేజ్ బిగించి చూడండి

ట్రాక్టర్ లిఫ్ట్ ఎత్తడం లేదనగానే "పంపు పోయింది" అనేయడం మన దగ్గర అలవాటైపోయింది. కొత్త పంపు వేశాక కూడా రోటావేటర్ లేవకపోతే అప్పుడు లిఫ్ట్ కవర్ విప్పుతారు. ఈ ఖర్చు తప్పించే సామాను బెజవాడ ఆటోనగర్‌లో దొరికే హైడ్రాలిక్ ప్రెషర్ గేజ్ సెట్టు. గ్లిజరిన్ నింపిన 0-250 బార్ గేజ్, మీటరు హోసు, నాలుగు అడాప్టర్లు ఇస్తారు. 100 బార్ గేజ్ చూపిస్తే తీసుకోకండి, మొదటి పరీక్షకే ముల్లు పాడవుతుంది. మేస్త్రీలు చెప్పే కేజీకీ (అంటే చదరపు సెంటీమీటరుకు కిలో ప్రెషర్) బార్‌కీ తేడా రెండు శాతమే, రెండూ ఒకటేననుకోవచ్చు.

గేజ్ పెట్టే ముందు ఆయిల్ చూడాలి. బండిని చదునైన చోట ఆపి, పనిముట్టు కిందికి దించి, డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే దమ్ములో నీళ్లు చేరినట్టే. ఆయిల్ మార్చకుండా, సక్షన్ స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే జల్లెడ) డీజిల్‌తో కడగకుండా గేజ్ పెట్టినా లాభం లేదు. ట్రక్కు (ట్రైలర్) ఎత్తడానికి వాడే బండ్లలో ఆయిల్ తగ్గిపోవడం కూడా చాలా ఎక్కువ.

బండిని అరగంట నడిపి ఆయిల్ వేడెక్కనివ్వండి. ఇంజన్ ఆపి, లివర్ కిందికి వేసి ప్రెషర్ పోగొట్టాక, ట్రక్కు హోసు తగిలించే చోట గేజ్ బిగించండి. సెలెక్టర్‌ను (ఆయిల్ లిఫ్ట్‌కా, బయటికా అని మార్చే మీట) బయటి లైనుకు తిప్పి, 1500 ఆర్‌పీఎం దగ్గర లివర్ పైకి లాగండి. ఐదు సెకన్లు చాలు, అంతకుమించి పట్టుకుంటే ఆయిల్ కాగిపోతుంది.

ఇక ముల్లును గమనించండి. చటుక్కున పైకెళ్లి, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే వాల్వ్) కీచుమంటూ, మాన్యువల్‌లో రాసిన అంకె దగ్గర నిలబడితే పంపు బాగున్నట్టే. చాలా మోడళ్లలో ఆ అంకె 150-200 బార్ మధ్య ఉంటుంది. అయినా లిఫ్ట్ లేవకపోతే తప్పు కంట్రోల్ వాల్వ్‌లోనో, సిలిండర్ పిస్టన్ ఓ-రింగ్‌లోనో (రబ్బరు రింగు) ఉంది. ఆర్‌పీఎం ఎంత పెంచినా ముల్లు ఒకే తక్కువ అంకె దగ్గర ఆగిపోతుంటే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ నీరసపడింది, లేదా వాల్వ్ ఆనుకునే సీటు మీద చెత్త చేరింది. యాక్సిలరేటర్ పెంచినకొద్దీ మెల్లగా ఎక్కుతుంటే పంపు లోపల అరిగింది. వణుకుతూ, పంపు కూడా కూస్తుంటే సక్షన్ పైపు ఓ-రింగ్ దగ్గర గాలి పీలుస్తోంది. ఈ ఒక్క ఓ-రింగ్ కోసం పంపులు మార్చేసిన బండ్లు తక్కువేం కాదు, అదే బాధ.

ఇంజన్ ఆపగానే పనిముట్టు దిగిపోతుంటే మాత్రం పంపును అనుమానించొద్దు. అది సిలిండర్ సీలో, వాల్వ్ లీకో.

ఈ గేజ్ చెప్పనిది ఆయిల్ ప్రవాహం. ప్రెషర్ సరిగా ఉండి లిఫ్ట్ నెమ్మదిగా లేస్తుంటే, ఖాళీ ఆర్మ్‌లు పైకి రావడానికి పట్టే టైం చూడండి. మామూలుగా రెండు మూడు సెకన్లు. ఆరేడు పడుతుంటే స్ట్రైనర్ మళ్లీ చూసి, ఆపైన పంపును టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి.

సెట్టులో పెద్ద లోపం డౌటీ వాషర్లు (లోపల రబ్బరు అంచున్న ఇనుప వాషర్లు) ఇవ్వకపోవడం. నాలుగు విడిగా కొనుక్కోండి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పీచు వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. అడాప్టర్ చేత్తో రెండు చుట్లు తిరగకపోతే అది వేరే మర. స్పానర్ వేశారంటే హౌసింగ్ మర పోతుంది. లీకు వెతకడానికి చెయ్యి పెట్టకండి, ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. అట్ట ముక్క పెట్టి చూడండి.

హోసు చివర్లకు ఇచ్చిన ప్లాస్టిక్ మూతలు పారేయకుండా వాడాక తిరిగి పెట్టండి. అక్కడ అంటుకున్న నల్లమట్టి రేణువే రేపు రిలీఫ్ వాల్వ్ సీటు మీద కూర్చునేది.