స్లీప్‌అవే క్యాంపా, డే క్యాంపా, అమ్మమ్మ గారి ఊరా?

అమెరికాలో స్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ చర్చ సంక్రాంతి దాటగానే మొదలవుతుంది. వేసవి సెలవులు దాదాపు పది వారాలు. అమ్మానాన్నలిద్దరికీ ఉద్యోగాలు. మరి పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? మా ఇంట్లో మూడు రకాల వేసవులూ గడిచాయి. పెద్దయ్యాక కూడా పిల్లలకు ఏం మిగులుతుందన్నదే లెక్కయితే నా ఓటు రాత్రిళ్లు కూడా అక్కడే ఉండే స్లీప్‌అవే క్యాంపుకే. కాకపోతే దానికి ఒక వయసుంది.

ముందు డే క్యాంపు సంగతి. పొద్దున దింపి, సాయంత్రం తెచ్చుకుంటాం. ఈత, రోబోటిక్స్, చెస్ ఏదో ఒకటి నేర్చుకుంటారు. పదమూడేళ్ల లోపు పిల్లలైతే ఆ ఫీజును పిల్లల సంరక్షణ ఖర్చు కింద ట్యాక్స్ క్రెడిట్‌కు, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపుకు, చూపించుకోవచ్చు. రాత్రి అక్కడే ఉండే క్యాంపులకు ఆ వెసులుబాటు లేదు. మన ఆఫీసు వేళలకు డే క్యాంపు బాగా కుదురుతుంది. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక అదే ఐప్యాడ్, అదే సోఫా. కొత్త విద్య ఒకటి వస్తుందేమో గానీ, పిల్ల నడుచుకునే తీరు మారదు.

అమ్మమ్మ గారి ఊరితో పోటీ మాత్రం గట్టిది. ఒక్క నెల అక్కడుంటే చాలు, ఇక్కడ ఏళ్ల తరబడి వారాంతపు క్లాసుల్లో రాని తెలుగు నోట్లో పలుకుతుంది. ఎవరు పెద్దమ్మో, ఎవరు మేనత్తో చెప్పకుండానే తెలుస్తుంది. ఇది నాకు చాలా విలువైన విషయం. చిక్కల్లా క్యాలెండర్‌తోనే. తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. న్యూజెర్సీ పిల్లలకు సెలవులిచ్చేదే జూన్ మూడో వారం దాటాక. మన పిల్ల విమానం దిగేసరికి అక్కడి పిల్లలంతా యూనిఫామ్ వేసుకుని ఆటో ఎక్కేస్తారు, వచ్చాక ట్యూషన్. మామిడిపళ్లూ ఆఖరికొచ్చేస్తాయి. పగలంతా మిగిలేది తాతయ్య, అమ్మమ్మ, టీవీ. మే ఆఖరుకే సెలవులొచ్చే టెక్సాస్ వాళ్లకు కాస్త నయం, రెండు వారాలైనా కలిసి ఆడుకుంటారు. పైగా అక్కడ గారాబం ఎక్కువ. పదకొండేళ్ల పిల్లకు కూడా అన్నం కలిపి ముద్దలు పెడతారు. ప్రేమకు లోటుండదు, కానీ తన పని తాను చేసుకునే అవకాశమూ ఉండదు.

స్లీప్‌అవే క్యాంపులో ఆ అవకాశం రోజంతా ఉంటుంది. అమెరికాలో ఇది పాత అలవాటే. కనెటికట్‌లో గన్ అనే బడిపంతులు తన విద్యార్థులను సముద్రతీరానికి నడిపించుకెళ్లి గుడారాల్లో ఉంచింది 1861లో. 1885లో మొదలైన క్యాంప్ డడ్లీ న్యూయార్క్ రాష్ట్రంలో ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు చాలా క్యాంపుల్లో ఫోన్లు పనికిరావు, ఉత్తరాలే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్క్రీన్లు లేని క్యాంపులో ఐదు రోజులున్న ఆరో తరగతి పిల్లలు ఎదుటివాళ్ల ముఖకవళికలను పట్టి మనసు చదవడంలో మెరుగయ్యారని అందులో తేలింది.

మా అమ్మాయి పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో ఒక క్యాంపులో రెండు వారాలుంది. ఒకే క్యాబిన్‌లో బంక్ మంచాలు, వంతులవారీగా ఊడ్చే పని. పక్క మంచం అమ్మాయి తడి తువ్వాలు రోజూ దీని దుప్పటి మీదే ఆరేసేదట. ఇంట్లో అయితే "అమ్మా, చూడు" అనేది. అక్కడ ముందు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే అడిగింది. ఇద్దరూ కలిసి కిటికీ దగ్గర తాడు కట్టుకున్నారు. ఇప్పుడు స్కూల్లో గ్రూప్ ప్రాజెక్టులో ఎవరైనా పని చేయకపోతే నేరుగా వాళ్లతోనే మాట్లాడుతుంది, మా దాకా రాదు. పెద్దవాళ్లు మధ్యలో దూరకపోతేనే ఇది అబ్బుతుంది.

ఖర్చు తక్కువేం కాదు. ఈశాన్య రాష్ట్రాల్లో ఏడు వారాల ప్రైవేటు క్యాంపులు 10,000 డాలర్లు దాటేస్తాయి. వైఎంసీఏ అనే స్వచ్ఛంద సంస్థ క్యాంపుల్లో ఒకటి రెండు వారాలకే చేరొచ్చు, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవీ ఉన్నాయి. భోజనం గురించి టెన్షన్ పడే శాకాహారులు న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ దగ్గరి హిందూ హెరిటేజ్ సమ్మర్ క్యాంప్ లాంటివి చూడొచ్చు. భద్రత విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. 2025 జులై 4న టెక్సాస్‌లో గ్వాడలూప్ నది వరదకు క్యాంప్ మిస్టిక్‌లో పిల్లలు, వాళ్లను చూసుకునే కౌన్సిలర్లు కలిపి 27 మంది చనిపోయారు. క్యాబిన్లు నదికి ఎంత దూరం, రాత్రి హెచ్చరిక ఎలా అందుతుంది, పిల్లల్ని ఎటు తరలిస్తారు అని డబ్బు కట్టకముందే అడగండి. సూటిగా జవాబివ్వని చోట చేర్పించకండి.

తొమ్మిదేళ్ల వరకు అమ్మమ్మ గారి ఊరికే పంపండి. తాతయ్య, అమ్మమ్మ ఓపికగా ఉన్న రోజులు మళ్లీ రావు. పది, పన్నెండేళ్ల మధ్య ఒక్క వేసవైనా రెండు వారాల స్లీప్‌అవే క్యాంపుకు పంపండి. అంతకుముందు స్నేహితుల ఇంట్లో ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చేయండి. "నచ్చకపోతే వచ్చి తీసుకెళ్తాం" అని మాత్రం మాటివ్వొద్దు. ఆ మాట విన్న పిల్ల మొదటి రాత్రి నుంచే మీ కారు కోసం ఎదురుచూస్తుంది. బెంగ రావడం మామూలేనని, నిద్రపట్టకపోతే కౌన్సిలర్‌ను లేపొచ్చని చెప్పి పంపితే చాలు.