అనంతపురం షాపు ‘హై ఎండ్’ గేమింగ్ ప్యాకేజీ: కొటేషన్‌లో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

అనంతపురంలో గేమింగ్ కంప్యూటర్ కావాలని అడిగితే కొన్ని షాపుల్లో ముందే టైపు చేసిపెట్టిన కాగితం చేతిలో పెడతారు. ఈ రివ్యూ అలాంటి ఒక ప్యాకేజీ గురించి. రైజెన్ 9 9950ఎక్స్3డీ ప్రాసెసర్, ఎక్స్870ఈ మదర్‌బోర్డు, 16 జీబీ ర్యాములు నాలుగు, ఆర్‌టీఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్, జెన్5 (ఐదో తరం) ఎస్ఎస్‌డీ, ముందువైపు అద్దమున్న క్యాబినెట్, రంగుల ఫ్యాన్లు ఏడు. అట్టడుగున పేరూ మోడలూ లేకుండా ‘ఎస్ఎంపీఎస్ 1000 వాట్స్’ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), ‘యూపీఎస్ 600 వీఏ’. మానిటరు 27 అంగుళాల 1440పీ (2560×1440 చుక్కల తెర). పైసగం పెళ్లి విందు, కిందిసగం పాచి అన్నం.

మొదట చూడాల్సింది మానిటరు. 1440పీ తెర పెట్టుకుని 5080 కొనడం దండగ. దానికి ఒక మెట్టు కిందున్న 5070 టీఐ కార్డులోనూ మెమరీ అదే 16 జీబీ. కోర్లు దాంట్లో 8,960, 5080లో 10,752. ఆటల్లో తేడా 15 శాతం అటూఇటూగా తేలుతుంది. 2025లో విడుదలైనప్పుడు ఎన్విడియా మన దేశానికి చెప్పిన ప్రారంభ ధరలు 5070 టీఐకి 80 వేలు, 5080కి లక్షా 7 వేలు. అంటే ఆ 15 శాతం కోసం మూడోవంతు ఎక్కువ పెట్టాలి. రేట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి ఒకే రోజు రెండు కార్డులకూ రేటు అడిగి, తేడా 15 శాతం లోపుంటేనే 5080 వైపు చూడండి. ఏఎండీ ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ కూడా 16 జీబీ కార్డే, దాని రేటూ అడగండి. మిగుల్తుందని 12 జీబీ 5070కి మాత్రం దిగొద్దు. ఈ బడ్జెట్‌లో మెమరీ దగ్గర పిసినారితనం పనికిరాదు.

ప్రాసెసర్ విషయంలో షాపువాళ్ల లెక్క ‘16 కోర్లు, 8కి రెట్టింపు’ అని. ఆటలకు ఆ లెక్క పనికిరాదు. 9950ఎక్స్3డీలో కోర్లు రెండు ముక్కలుగా ఉంటాయి, అదనపు క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఒక ముక్క మీదే ఉంటుంది. ఆటను ఆ ముక్క మీదే నడపడానికి విండోస్, డ్రైవర్లు తంటాలు పడాలి. దాని బదులు 9800ఎక్స్3డీ ప్రాసెసర్ తీసుకుంటే ఎనిమిది కోర్లకూ కలిపి 96 ఎంబీ క్యాష్, ఏ గొడవా లేదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లకు తప్ప 16 కోర్లు ఖాళీగా కూర్చుంటాయి.

ఎక్స్870ఈ బోర్డు బదులు ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే వీఆర్ఎం భాగాల మీద మంచి హీట్‌సింకులున్న బీ650 గానీ బీ850 గానీ చాలు, ఆటలో ఒక్క ఫ్రేము కూడా తగ్గదు. ఒక్క జాగ్రత్త: షాపులో చాన్నాళ్లుగా పడున్న బీ650 అయితే పాత బయోస్ (బోర్డును మొదట నడిపించే సాఫ్ట్‌వేర్) వల్ల 9000 సిరీస్ ప్రాసెసర్‌ను గుర్తించక స్క్రీన్ రాదు. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో చూసి తీసుకోండి. ఉంటే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చొచ్చు. జెన్5 ఎస్ఎస్‌డీ కొట్టేసి జెన్4 రాయించండి.

ర్యామ్ దగ్గర ఈ కొటేషన్‌ది అసలైన తప్పు. ఈ ప్రాసెసర్లు పెట్టే ఏఎం5 రకం బోర్డులో నాలుగు స్లాట్లూ నింపితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. ఎక్కువ డబ్బు పోసి వేగం తగ్గించుకోవడం అన్నమాట. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఎలా మండుతున్నాయో తెలిసిందే. 16 జీబీ రెండు, 6000 వేగం, సీఎల్30 (ఆలస్యం లెక్క, తక్కువైతే మేలు), ఒకే కిట్‌గా తీసుకోండి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, బోర్డు మీద చిన్న డ్రామ్ (ర్యామ్) లైటు వెలుగుతూనే ఉంటుంది. చెడిపోయిందని కంగారుపడి స్విచ్చు తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు అప్పుడు ర్యామ్‌ను సరిచూసుకుంటోంది, వదిలేయండి. తర్వాత బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి తెచ్చే సెట్టింగు) ఆన్ చేయాలి. చాలా ఫిట్టింగుల్లో మర్చిపోయేది ఇదే. చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే వేగం కనిపిస్తుంది, డబ్బు కట్టేముందే చూసుకోండి.

మన ఎండలకు లిక్విడ్ కూలర్ తప్పనిసరి అంటారు. గది 40 డిగ్రీలుంటే నీళ్ల కూలరైనా అంతకంటే కిందికి తేలేదు. 9800ఎక్స్3డీ 120 వాట్ల ప్రాసెసర్, దానికి ఆరు పైపుల జంట టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది. అందులో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే, పంపు లేదు. ఎత్తు 155 నుంచి 160 ఎంఎం ఉంటుంది, క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూడాలి. కూలర్ అడుగున పారదర్శకంగా అంటుకుని ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేసినవీ ఉంటాయి. అలాంటప్పుడు ఆట మొదలైన కాసేపటికే 95 డిగ్రీలు తగులుతుంది. అసలు వేడంతా ముందు అద్దం వల్ల. గాలి దూరే సందే లేనప్పుడు ఫ్యాన్లు ఏడున్నా పన్నెండున్నా ఒకటే. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి చాలు. అనంతపురం దుమ్ముకు ఎండాకాలంలో 15 రోజులకోసారి ఫిల్టరు కడగాల్సిందే.

మిగిలిన డబ్బు పోయాల్సింది కరెంటు మీద. 5070 టీఐ 300 వాట్లు, ప్రాసెసరూ మిగతావీ కలిపితే 500 దాకా. పేరులేని 1000 వాట్ల ఎస్ఎంపీఎస్ కన్నా పేరున్న 750 మేలు: గోల్డ్ రేటింగు (కరెంటు తక్కువ వృథా చేసేది), ఏటీఎక్స్ 3.1 (కొత్త కార్డులకు తగ్గ ప్రమాణం). కార్డుకు పెట్టే 12 వోల్టుల కనెక్టరు సందు కనపడకుండా లోపలికి దిగాలి. మొదటి 35 ఎంఎం దాకా వైరు వంచకూడదు. సగం దిగిన కనెక్టరే వేడెక్కి కరిగేది.

600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్లు. ఆట మధ్యలో కరెంటు పోతే అది ఓవర్‌లోడై వెంటనే ఆగిపోతుంది, యూపీఎస్ లేనట్టే. వీఏ కాదు, వాట్లు చూడండి: కనీసం 700, ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాంటి నునుపైన అల ఇచ్చేది). ఆటను సేవ్ చేసి ఆపడానికి ఐదు నిమిషాలు చాలు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎస్ఎంపీఎస్ మార్చేవాళ్లున్నారు. దోషం దానిది కాదు. ఎర్త్ లేకపోతే దాని ఫిల్టరు కెపాసిటర్ల మీదుగా దాదాపు సగం వోల్టేజీ బాడీకి వస్తుంది, టెస్టరు పెడితే వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి, రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. మే నెలలో మన నేల ఎండి బీటలు వారుతుంది, ఎర్త్ గుంత కూడా అంతే. వారానికి రెండు బిందెల నీళ్లు పోయాలి.

మార్పులన్నీ చెబితే ఈ షాపు కాదనకుండా కొత్త కొటేషన్ రాస్తుంది, కేబుళ్ల ఫిట్టింగు కూడా శుభ్రం. బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్‌పీ రోడ్డులో రేటు తగ్గొచ్చు. కానీ బోర్డు మొదటి రోజే మొరాయిస్తే 200 కిలోమీటర్లు పైగా మోసుకెళ్లాలి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లులో ఒక్కో పార్టుకూ సీరియల్ నంబరు రాయించుకుని, గ్రాఫిక్స్ కార్డు డబ్బా పారేయకుండా అటక మీద పెట్టండి.