పది మందికి పూచీ: కబ్బాలా అధ్యయన బృందంలో నాలుగేళ్లు

బ్యాంకు రుణాల విభాగంలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. పూచీకత్తు మీద సంతకం పెట్టేటప్పుడు మనిషి ముఖం ఎలా వెలుగుతుందో, అప్పు మొండి బాకీ అయ్యాక అదే మనిషి ఫోను ఎలా ఎత్తడో బాగా తెలుసు. అందుకే 2020 చివర్లో కబ్బాలా, అంటే యూదుల మార్మిక విద్య, చదివే బృందంలో చేరి, మొదట నేర్చుకున్న హీబ్రూ మాట ‘అర్వూత్’ అంటే పరస్పర పూచీ అని వినగానే నవ్వు వచ్చింది. ‘అరేవ్’ అంటే అచ్చంగా అప్పుకు జామీను ఉండేవాడే. ఇశ్రాయేలీయులందరూ ఒకరికొకరు జామీను అంటుంది యూదుల ధర్మచర్చల గ్రంథం తల్ముద్. ఒకడు తప్పు చేస్తుంటే, ఆపగలిగి ఉండీ ఆపని వాడి మీద కూడా భారం పడుతుందని దాని భావం.

ముందే చెప్పాలి, నేను యూదురాలిని కాను. తోరా (మోషే ధర్మశాస్త్రం), తల్ముద్ బాగా చదివిన, నలభై దాటిన మగవాళ్లే కబ్బాలా ముట్టుకోవాలనే పట్టింపు సంప్రదాయ వర్గాల్లో గట్టిగానే ఉంది. మా బృందం అందరికీ తలుపులు తెరిచిన కొత్త రకం.

ఆన్‌లైన్ పాఠం ఇజ్రాయెల్‌లో తెల్లవారుజామున 3 గంటలకు. సికింద్రాబాద్‌లో నాకు వాళ్ల వేసవిలో 5:30, చలికాలంలో 6:30. లిమాలో ఉన్నామెకు రాత్రి వంట వేళ. పది మంది ఆడవాళ్లం. పది మంది ఉంటేనే సమూహం అన్న లెక్కకు యూదు గ్రంథాలు చూపే ఆధారం ఒకటి భలేగా ఉంటుంది: మోషే పంపితే కనాను దేశం చూసి వచ్చి, జనాన్ని బెదరగొట్టిన పది మంది వేగులవాళ్లు! మొదటి పది మందే అలాంటివాళ్లయితే మా మీద పెద్ద ఆశలు అక్కర్లేదని ఊరట పడ్డాను.

వారానికి ఒకరిది వంతు. ఆమె అందరినీ పలకరించాలి, రానివాళ్లను కనుక్కోవాలి. పాఠం మధ్యలో వంతులవారీగా తలా ఒక నిమిషం మాట్లాడతాం. ముందు మాట్లాడినామెను ఖండించకూడదు, ఆమె మాటకు ఏదైనా చేర్చాలి. మొదటి ఆరు నెలలు ఈ నియమం నాకు గొంతులో ముల్లు.

కబ్బాలా గురువు యెహుదా అష్లాగ్ 1933లో యెరూషలేములో అచ్చు వేయించిన ‘అర్వూత్’ వ్యాసం వీటన్నిటికీ మూలం. ఆరు లక్షల మంది ఇశ్రాయేలీయుల్లో ప్రతి ఒక్కరూ మిగతావాళ్ల అవసరాలు చూస్తామని ఒప్పుకున్నాకే సీనాయి కొండ దగ్గర తోరా చేతికి వచ్చిందని ఆయన వాదన. నన్ను చూసుకోవడానికి అంతమంది ఉన్నప్పుడు నా గురించి నాకు బెంగ ఎందుకు? కొందరు పూచీ తప్పినా మిగతావాళ్లు మళ్లీ ఎవరి బెంగలో వాళ్లు పడతారని కూడా ఆయనే రాశారు. పేచీ అంతా ఇక్కడే.

మంచి చెబుతాను. 2022లో అమ్మ పోయింది. పదకొండు రోజులు కంప్యూటర్ తెరవలేదు. ఆ వారం వంతు హైఫాలో ఉన్నామెది. రోజూ ఒకటే వాక్యం పంపింది: ‘ఈ రోజు కూడా పది మందిమని లెక్క పెట్టుకున్నాం.’ కర్మ లేదు, ఆత్మ లేదు, వేదాంతం ఊసే లేదు. పన్నెండో రోజు వెళ్లి కూర్చుంటే ఎవరూ ఏమీ అడగలేదు. హామీదారు తనంతట తాను ఫోను చేయడం నా ఉద్యోగ జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక చెడు. మాలో ఒకామెకు మనోవ్యాకులత, మందులు వాడుతోంది. పొద్దున లేవలేకపోయేది. ‘నువ్వు నీరసపడితే పది మందికీ దిగజారుడే’ అన్నారు. ప్రాచీన యూదు గురువు రబ్బీ షిమోన్ బార్ యోఖాయ్ చెప్పిన పడవ కథ గుర్తు చేశారు: తన సీటు కిందే కదా అని ఒకడు పడవకు బెజ్జం పెడితే మునిగేది అందరూ. కథ గొప్పదే, కానీ ఆమె చేతిలో బర్మా లేదు, ఆమె అప్పటికే నీళ్లలో ఉంది. నేనూ ఆ రోజు నోరు మెదపలేదు. ఖండించకూడదు కదా! నియమం అంత సుఖంగా ఇంకెప్పుడూ అనిపించలేదు. నెల తిరక్కుండా ఆమె వెళ్లిపోయింది. ఆమె ఖాళీ గురించి కూడా తలా ఒక నిమిషం చక్కగా మాట్లాడాం.

తర్వాత పాత సంగతులు వెతికాను. 18వ శతాబ్దం మధ్యలో యెరూషలేములో బేత్ ఏల్ కబ్బాలా బడికి చెందిన 12 మంది ఒక ఒడంబడిక రాసుకుని సంతకాలు పెట్టారు. ఒకరి కష్టం అందరిదీ. ఒకరినొకరు పొగడకూడదు, ఒకరు వస్తే మరొకరు పూర్తిగా లేచి నిలబడకూడదు, హెచ్చుతగ్గులు లేని ఒకే మనిషిలా మెలగాలి. పన్ను సలిపితే చెయ్యి వెళ్లి దవడ పట్టుకుంటుంది, పంటిని నిలదీయదు. మా దగ్గర పంటికి పంచాయితీ పెట్టాం.

చేరాలనుకునేవాళ్లకు: డబ్బు కన్నా నిద్ర ఎక్కువ ఖర్చవుతుంది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మందులు వాడుతుంటే డాక్టరు మాటే మాట, పాఠం దాని తర్వాత. వంతు బాధ్యత మొదటి నెలలోనే అంటగడితే వద్దనండి.

నేను మానలేదు. ఇప్పుడు తొమ్మిది మందిమి. వెళ్లిపోయినామెకు ఆదివారాలు ఫోను చేస్తాను, పాఠాల ఊసు రానివ్వను. మొన్న తనే అడిగింది, ఈ వారం వంతు ఎవరిదని. నాదేనన్నాను.

‘అయితే నువ్వు నిద్రపోయావా?’ అంది.