వలస ఇంటికి రెండు నివేదికలు

కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వలస వెళతాయి. చాలామంది పిల్లలు అవ్వ దగ్గర మిగిలిపోతారు. అలాంటి ఇంటికి పిల్లల బాగోగుల విచారణకు వెళ్లిన ఉద్యోగి నివేదికను రెండు విధాలుగా రాయవచ్చు.

మొదటిది: "తల్లిదండ్రులు నిర్లక్ష్యపరులు, ఇల్లు అపరిశుభ్రం." పది నిమిషాల పని. అందులో బిడ్డ మాట ఒక్కటీ ఉండదు.

రెండోది: "తల్లిదండ్రులు రెండు నెలలుగా ఊళ్లో లేరు. అవ్వ వండిపెడుతోంది. తమ్ముణ్ణి చూసుకోవాలని పాప బడి మానేస్తోంది." ఇందులో తీర్పు లేదు, అవసరం మాత్రం కనిపిస్తుంది. పిల్లల్ని సంస్థలో పెట్టడం చివరి మార్గమేనని, వివక్ష కూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. దానికి తగిన రాత ఇదే.

మొదటి పద్ధతి లంబాడీల తండాను అనుమానించడంతో ఆగదు. కర్నూలులోని మేడ ఇంట్లో "మంచి కుటుంబం" అని కాఫీ తాగి వచ్చేస్తుంది, బిడ్డ చేతిమీది వాతలు చూడదు. తండాలో పదిహేనేళ్ల అమ్మాయికి పెళ్లి అంటే "వాళ్లలో మామూలే" అంటుంది. నాకు ఇదే ఎక్కువ ప్రమాదకరంగా తోస్తుంది, ఎందుకంటే వినడానికి గౌరవంలా ఉంటుంది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టంలో ఆడపిల్ల పెళ్లికి 18 ఏళ్లు అన్నప్పుడు కులాల పట్టిక జతచేయలేదు.

రెండో పద్ధతికి ఖర్చుంది. ఒక్కసారి వెళితే చాలదు. లంబాడీ మాట్లాడే పాపతో మాట్లాడటానికి ఆ ఇంటివాళ్లు కాని దుబాసీ కావాలి.