జైసల్మేర్ లో కప్ప తల తొండ ఫోటో ట్రిప్: గైడ్ కి 5 స్టార్లు, జీప్ కి 2

మార్చిలో జైసల్మేర్ వెళ్లినప్పుడు ఒక లోకల్ గైడ్ తో హాఫ్ డే ట్రిప్ మాట్లాడుకున్నా, జీప్ తో కలిపి 3500. ఒంటె సవారీ, రాత్రి క్యాంపు డాన్సులూ ఏం వద్దన్నా, నాకు కావాల్సింది ఒక్క తొండ. లోంగేవాలా తెలుసుగా, 1971 యుద్ధం జరిగిన చోటు, ఆ ఊరి పేరే దీనికి 1978లో పెట్టారు, థార్ ఇసుక దిబ్బల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. తల గుండ్రంగా అచ్చం కప్ప తలే.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. 6కి రావాల్సిన జీప్ 7:20కి వచ్చింది, ఎప్పుడు ఫోన్ చేసినా "బస్ పాంచ్ మినట్ సార్". పొద్దుటి ఏటవాలు ఎండ పోతే ఈ ఫోటోలు సగం పోయినట్టే, తొండ రంగూ ఇసుక రంగూ ఒకటే కాబట్టి పక్కన నీడ పడితేనే ఒళ్లు ఎక్కడుందో తెలుస్తుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటాం కదా, దీనికి ఆ అవసరమే లేదు, పుట్టడమే ఇసుక రంగులో పుట్టింది.

గైడ్ భాయ్ మాత్రం మామూలోడు కాదు. సమ్ అనే ఊరి దగ్గర టూరిస్టులు తొక్కేసిన దిబ్బలు దాటించి దూరంగా తీసుకెళ్లి, ఇసుక మీద కుట్టు మిషన్ కుట్టినట్టున్న సన్నటి అడుగులు చూపించి, అవి ఆగిన చోట నన్నూ ఆగమన్నాడు. "వో దేఖో" అంటాడు, నాకేమో ఉట్టి ఇసుకే. కాసేపు కళ్లు చికిలించి చూస్తే ఇసుకలోంచి ఒక కన్ను నన్నే చూస్తోంది! ఒక్క అడుగు వేశానో లేదో, జల్లెడ పట్టినట్టు ఒళ్లు అటూ ఇటూ ఊపి అక్కడికక్కడే ఇసుకలోకి దిగిపోయింది.

రెండోదానికి బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లా. నా లెన్స్ 100 ఎంఎం మాక్రో, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది, దాని ఆటో ఫోకస్ ఎంతసేపూ ముందున్న ఇసుక రేణువుల్నే పట్టుకుంటోంది, సింగిల్ పాయింట్ (ఒక్క చుక్క మీదే ఫోకస్) పెట్టి దాని కంటి మీద ఉంచితే గానీ దారికి రాలేదు. 140 ఫోటోలు కొడితే 6 బాగొచ్చాయి. మధ్యలో డ్రైవర్ వచ్చి పట్టుకుని మంచి చోట పెట్టనా సార్ అన్నాడు, గైడ్ గట్టిగా కసిరాడు, అందుకే ఆయనకి 5.

లెన్స్ మాత్రం అక్కడ మార్చకండి, ఇసుక కెమెరా లోపలికి పోతుంది, నేను మార్చి సెన్సార్ క్లీనింగ్ కి 1200 వదిలించుకున్నా. మళ్లీ వెళ్తే గైడ్ ఈయనే, జీప్ మాత్రం వేరే చూసుకుంటా.